స్టేషన్ లేని చెరువు

మా ఆయన దృష్టిలో భారతదేశమంటే రైలు పట్టాలు, వాటి పక్కన మిగిలిపోయిన ఖాళీ జాగా. ఆయన గూడ్సు బండి గార్డు. ఈ మధ్య ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజరని కొత్త పేరు పెట్టారు గానీ, మనిషిని మార్చడం రైల్వే వాళ్ళకి కూడా చేతకాలేదు. ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మేముంటున్న క్వార్టరు ఖాళీ చేసి, పెందుర్తిలో కట్టించుకున్న ఇంటికి వెళ్ళిపోవాలి.

వెళ్ళేలోపు నాకొక్కటే కోరిక. రతన్‌పూర్ దాటాక ఖూటాఘాట్ అని పెద్ద జలాశయం ఉంది. దాని గట్టున ఒక్క రాత్రి పడుకోవాలి. నేను పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో పక్క క్వార్టరు అచ్చియమ్మ ఆ నీళ్ళ గురించి చెప్పింది. నడిమధ్య చిన్న లంక ఉంటుందట, పొద్దుగూకేసరికి కొంగలన్నీ దానిమీద వాలతాయట. అప్పటినుంచి అడుగుతూనే ఉన్నాను. ఇన్నేళ్ళు బతికిన ఊరిని నా ఊరని చెప్పుకుందామంటే నేను చూసింది ప్లాట్‌ఫారాలే. ఖూటాఘాట్‌కి బస్సెక్కితే గంట ప్రయాణం. చిక్కల్లా ఆ బస్సుతోనే.

"పాసుండగా డబ్బులెట్టి టికెట్టు కొంతామేటి?"

మా కాపురమంతా ఈ ఒక్క మాట మీద నడిచింది. రైల్వేలో ఏడాదికి ఇన్నని ఉచిత పాసులిస్తారు. వాటి పుణ్యమా అని నేను కన్యాకుమారి చూశాను, ద్వారక చూశాను, జమ్ము చూశాను. అమ్మవారి దర్శనానికి కూడా స్టేషనున్న డోంగర్‌గఢ్ వెళ్ళాం గానీ, ఊరి పక్కనే ఉన్న రతన్‌పూర్ మహామాయ గుడి గడప తొక్కలేదు. ఆ తల్లి పట్టాలకి దూరంగా వెలిసింది మరి.

మా అమ్మాయి శ్వేత ఇక్కడే బ్యాంకులో పనిచేస్తోంది. రోజూ నా సణుగుడు వినలేక ఒక టెంటు తెప్పించింది. ఆ టెంటు చూడగానే మా ఆయనకి నా కోరిక గుర్తొస్తుందనుకున్నాను. ఆయనకి మీటింగు గుర్తొచ్చింది.

ఆదివారం సాయంత్రం ఆయన స్నేహితులు అమ్మన్నగారు, గిరిబాబుగారు వచ్చారు. ఒకాయన లోకో షెడ్డులో ఫిట్టరు, ఇంకొకాయన పార్సిల్ ఆఫీసు గుమస్తా. వరండాలో టెంటు పరిచి, పట్టాలు తప్పిన వ్యాగనుని చూస్తున్నట్టు ముగ్గురూ చుట్టూ నిలబడ్డారు. ఈ గుడ్డకి గాలి తట్టుకునే శక్తి ఎంత, మేకులు ఏ ఇనుముతో చేశారు, పాము లోపలికి దూరితే ఎటునుంచి బయటికి పోతుంది, ఇలా చర్చ సాగింది. నేను వంటింట్లో ఉల్లి పకోడీలు వేస్తూ విన్నాను. ఆడవాళ్ళని మీటింగుకి పిలవలేదు, పకోడీలకి పిలిచారు.

"ఇంతకీ ఖూటాఘాట్‌కి స్టేషనేది?" అన్నారు గిరిబాబుగారు.

"నేదు," అన్నారు మా ఆయన, ఆ ఊరి తరఫున తను సిగ్గుపడుతున్నట్టు.

"కర్గీ రోడ్డు స్టేషన్లో దిగిపోయి ఆటోలో ఎల్లొచ్చు గదా," అన్నారు అమ్మన్నగారు.

"అంత దగ్గిరికి పాసు రాయించుకుంటే పాసు తగలెట్టినట్టు కాదేటి, శంకరరావూ?" అన్నారు గిరిబాబుగారు. మా ఆయన తలూపారు.

అదీ వాళ్ళ లెక్క. దగ్గర చోటికి పాసు వాడితే పాసు దండగ. బస్సెక్కితే డబ్బు దండగ. కాబట్టి ఇంటి పక్కనున్న చోటు చూడకుండా చచ్చిపోవాలి.

"బస్సులో ఏక్ ఘంటే కా రాస్తా హై, డాడీ. టికెట్లు నేను కొంటాను," అంది శ్వేత.

"ఎవులు కొన్నా కొన్నట్టే గదే," అన్నారు ఆయన. దాంతో ఖూటాఘాట్ కథ ముగిసింది.

తర్వాతి ఆదివారం నర్మద గురించి మాట్లాడారు. అమరకంటక్ వెళ్ళాలంటే పెండ్రా రోడ్డు స్టేషన్లో దిగాక మళ్ళీ బస్సే కాబట్టి నర్మద పుట్టినచోటు పనికిరాలేదు. జబల్‌పూర్ దగ్గర అదే నర్మద పాలరాళ్ళ మధ్య పారుతుందట. స్టేషన్‌కి మరీ ఎడంగా పారుతున్నందుకు అక్కడా తప్పిపోయింది. ఒక్కొక్క నదినీ పిలిచి, నువ్వు స్టేషన్‌కి ఎంత దూరమని అడిగి, ఫెయిలు చేసి పంపించేశారు. మళ్ళీ పకోడీలు, మళ్ళీ టీలు. సెనగపిండి డబ్బా అడుగంటింది.

మూడో మీటింగులో గంగ పాసయింది. హరిద్వార్. మన ఊరినుంచే బండి ఉంది, దిగితే నది దగ్గరే, పాసు కూడా బాగా గిట్టుబాటవుతుంది. ముగ్గురి ముఖాలూ వెలిగిపోయాయి.

నేను పళ్ళెం కింద పెట్టి అడిగాను. "మరి టెంటు ఎక్కడేత్తాం?"

"టెంటెందుకు, వదినా? రైల్వే వోళ్ళ గెస్టుహౌసు ఏదో ఒకటి ఉంటాది గదా. సలికి టెంట్లో పడుకుంతామేటి?" అన్నారు అమ్మన్నగారు.

"అచ్ఛా, అయితే టెంటు ఎనక్కి పంపించీయొచ్చు," అన్నారు మా ఆయన శ్వేత వైపు తిరిగి. "గడువుందా, అమ్మా?"

"ఎప్పుడెల్దాం?" అన్నాను నేను.

"రిటైరయినాక, పెందుర్తి ఎల్లి సర్దుకున్నాక. అక్కడినుంచే ఎల్దాం, తొందరేటి?"

"అప్పుడింక ఖూటాఘాట్ ఎక్కడ సూత్తాను?"

"గంగమ్మ తల్లినే సూపిత్తానంటే ఆ డ్యామంటావేటి, కనకం," అన్నారు నవ్వుతూ. మిగతా ఇద్దరూ నవ్వారు. టెంటు వేసుకుని నీళ్ళ పక్కన పడుకోవడానికి మొదలైన ప్లాను, టెంటు వాపసు చేసి గదిలో పడుకోవడంతో జయప్రదంగా ముగిసింది. నాకు ఏడుపొచ్చింది. కోపం దానికంటే ముందొచ్చింది కాబట్టి ఏడవలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన డ్యూటీకి బయల్దేరారు. ఎప్పటిలాగే కేరేజీ కట్టిచ్చి, జాగ్రత్తని చెప్పి పంపించాను. ఆయన సైకిలు మలుపు తిరగ్గానే శ్వేత బ్యాంకుకి సెలవు పెట్టింది. ఆయన సాయంత్రం వస్తే తినడానికి అన్నం, పప్పుచారు మూతపెట్టి, తాళంచెవి అచ్చియమ్మకిచ్చాం. తిఫ్రా బస్టాండులో రతన్‌పూర్ బస్సెక్కాం. కండక్టరు చింపిచ్చిన నా టికెట్టు దిగేదాకా గుప్పిట్లోనే పట్టుకున్నాను. పాత పాసుల మీద నన్ను 'వైఫ్' అని రాసేవారు, పేరుండేది కాదు. ఈ చీటీ మీదా పేరు లేదు. అయినా ఇది అచ్చంగా నాది.

రతన్‌పూర్‌లో దిగి ముందు మహామాయకి దండం పెట్టుకున్నాను. ఇన్నాళ్ళూ రానందుకు మా ఆయన మీద చాడీలు కూడా చెప్పాను. అక్కడినుంచి ఆటోలో ఖూటాఘాట్. గట్టుకి దగ్గర్లో చేపలు పట్టేవాళ్ళ ఇల్లుంటే ఆ ఇంటావిడని అడిగాం. తన వాకిట్లోనే వేసుకోమంది. వాళ్ళ మేకకి మా టెంటు నచ్చలేదు గానీ, ఆవిడ దాన్ని అవతల కట్టేసింది. మూడు మీటింగుల్లో ముగ్గురు మగాళ్ళు నిలబెట్టలేని టెంటుని మేమిద్దరం చీకటి పడకముందే నిలబెట్టేశాం. ఒక మూల కాస్త వాలింది. వాలితే వాలింది.

లంక నిజంగానే ఉంది. కొంగలు నిజంగానే వచ్చాయి. అచ్చియమ్మ చెప్పినదానికంటే ఎక్కువే వచ్చాయి. ఒక్క ఇంజను కూత లేదు. నేను నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, ఇంత దగ్గరగా ఉన్నదానికోసం ఇన్నేళ్ళు ఎందుకు ఎదురుచూశానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. సంతోషంగా కూడా ఉంది. అంత సంతోషం జమ్ములో లేదు, ద్వారకలో లేదు.

అప్పుడు ఫోను మోగింది.

"కనకం, ఎక్కడున్నావు? ఇంటికి తాళమేసుంది."

"ఖూటాఘాట్‌లోన. టెంటేసుకున్నాం."

ఇప్పుడాయన ఏమైనా అనొచ్చు. చెప్పకుండా వెళ్ళావేం అని కోప్పడొచ్చు. తిన్నారా అని అడగొచ్చు. పెళ్ళాం, కూతురూ నీళ్ళ గట్టున ఉన్నారు, జాగ్రత్త అని చెప్పొచ్చు.

"టికెట్టు కొన్నావేటి?" అన్నారు.

"కొన్నాను. రెండు. మీకు కొన్లేదు."

ఆయన వెనకనుంచి, కాలనీ పక్క యార్డులో వ్యాగన్లు తగులుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఈసారి గొంతు బాగా తగ్గింది.

"ఆ టెంట్లో ఇంకో మనిషికి జాగా ఉంటాదేటి?"

"ఉంటాది."

"అయితే నానూ ఒచ్చెత్తాను. మరి ఆ బస్సు ఎక్కడెక్కాల?"

హౌరా నుంచి ముంబై దాకా స్టేషన్ల పేర్లు నిద్రలో కూడా వరసగా చెప్పగలరు. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగారు. బస్టాండు ఎక్కడుందో తెలీదు. నాకు జాలేసింది. చెప్పేద్దామనే నోరు తెరిచాను గానీ, మూడు ఆదివారాల పకోడీల మూకుడు కళ్ళముందుకొచ్చింది.

"అమ్మన్నగార్నీ గిరిబాబుగార్నీ పిలిసి మీటింగెట్టుకోండి," అని ఫోను పెట్టేశాను.