కడగని మూత

మాస్టారి అక్క ఊరినుంచి వచ్చీ రాగానే వంటింటి మీద పడింది. సాయంత్రం కాలేజీ నుంచి కెమిస్ట్రీ మాస్టారు ఇల్లు చేరేసరికి పొయ్యి అద్దంలా ఉంది, డబ్బాలన్నీ బారు తీరాయి. సింకు పక్కన, ఎన్నేళ్లుగానో నల్లగా ఉన్న మట్టికుండ ఎర్రగా, కొత్తదానిలా బోర్లించి ఉంది.

“చూశావురా చిన్నోడా! బొగ్గు గనిలో పుట్టినట్టుంది మీ కుండ. పొద్దుట్నుంచీ సబ్బునీళ్లలో నానబెట్టి, స్టీలు పీచుతో తోమితే గానీ దారికి రాలేదు.”

మాస్టారు భుజానికున్న సంచీ దించడం మరిచిపోయారు.

“ఏంట్రా ఆ మొహం? బాగుందనొచ్చుగా.”

“మట్టిదక్కా. సబ్బు లోపలికి పీల్చుకుంటుంది.”

“అయితే కడుగుదాం మళ్లీ!”

ఆ కుండకు సబ్బు తగలనిచ్చేది కాదు మాస్టారి భార్య. వేడినీళ్లు, కొబ్బరి పీచు, కిటికీ దగ్గర గాలి, అంతే. ఏళ్ల తరబడి వండిన కూరలన్నీ నూనెతో సహా ఆ మట్టిలోకి ఇంకాయి. ఆవిడ పోయింది కిందటి వానాకాలంలో. ఆవిడ తల్లి మాత్రం ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా మరిచిపోయి, ఈ ఇంట్లోనే ముందుగదిలో కూర్చుని కూతురి కోసం ఎదురుచూస్తోంది. కంచం పెడితే ముక్కు దగ్గరికి తెచ్చుకుంటుంది. “అమ్మాయి వండిందా?” అని అడుగుతుంది. మాస్టారు అవునని అనరు, కాదని అనరు. ఒక్క క్షణం వాసన చూసి, “అమ్మాయిదే” అని తనకు తనే చెప్పుకుని తింటుంది. ఇంకే గిన్నెలో వండినా ముట్టదు. ఇప్పటికే బాగా చిక్కిపోయిందన్నాడు డాక్టరు.

మాస్టారు చెప్పిన ఇదంతా విని అక్క పీట మీద కూలబడింది. “క్లాసునిండా పిల్లలకి పాఠాలు చెప్తావే, ఈ ఒక్క ముక్క నాకు ముందు చెప్పొద్దట్రా?”

మాస్టారు పొయ్యి వెలిగించారు. కుండలో నీళ్లు కాచారు. అంచు చుట్టూ నురగ లేచింది. పారబోసి మళ్లీ కాచారు. గంజి పోసి మరిగించారు, మర్నాడు ఎండలో పెట్టారు. నురగ తగ్గింది గానీ నిమ్మకాయ సబ్బు వాసన వదల్లేదు. అందులోనే వండి పెడితే అత్తగారు కంచం దూరం జరిపింది.

“బట్టలు ఉడకేసిన నీళ్లా ఇవి? ఎవరిల్లమ్మా ఇది?”

అక్కకి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే కళ్లు తుడుచుకుంది.

కనీసం సబ్బు వాసనైనా లేకుండా ఉంటుందని మాస్టారు బజారుకెళ్లి ఎనామిల్ గిన్నె కొన్నారు. అంచు చుట్టూ వేలు తిప్పి, పెచ్చు లేవలేదని చూసుకుని మరీ ఎంచుకున్నారు.

“ఇనప గరిటె వాడకండి, ఖాళీగా మంట మీద పెట్టకండి. అంతే సార్,” అన్నాడు దుకాణదారు. “ఏళ్ల తరబడి వండినా దీనికి ఏ వాసనా పట్టదు. ఎప్పటికీ కొత్తదే!”

అతను మెచ్చుకోలుగానే అన్నాడు. మాస్టారు సరేనన్నట్టు తలూపి గిన్నె తీసుకున్నారు.

ఆ గిన్నెలో కూర చూసి అత్తగారు, “గ్యాస్ బాగుచేసే బాబువి నువ్వు, నీకెందుకయ్యా ఈ వంటలు? మా అమ్మాయి వచ్చి వండుతుందిలే,” అని గోడవైపు తిరిగింది. పాలు తప్ప ఏమీ లోపలికి పోలేదు. మర్నాడూ అంతే.

అత్తగారి మంచం పక్కన నీళ్లు మార్చబోయి మాస్టారు ఆగిపోయారు. చెంబు మీద కుండ మూత! అత్తగారు ఎప్పుడో తెచ్చి పెట్టుకుంది. నల్లగా, జిడ్డుగా, అక్క కంట పడకుండా బతికిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత కూరల వాసన ఇంకా ఉంది.

ఆ పూట కూర ఎనామిల్ గిన్నెలోనే, మట్టి మూత కింద ఉడికింది. మూత చిన్నదై ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. మంట తగ్గించి పెట్టారు. ఆవిరి మూతకు తగిలి చుక్కలు చుక్కలుగా కూరలోకి జారింది.

అత్తగారు చాలాసేపు వాసన చూసింది. “అమ్మాయిదే,” అంది. “ఈమధ్య ఉప్పు తగ్గించిందేం?” కొంచెం కొంచెంగా సగం తిన్నది. తర్వాత తలెత్తి, “తను తిన్నదా?” అని అడిగింది.

“తింటుంది అత్తయ్యా,” అన్నారు మాస్టారు.

వంటింట్లోకి వచ్చి మూత వాసన చూశారు. పొద్దున ఉన్నంత లేదు. ఆవిరి ఎంత తీసుకుపోతే అంతే, తిరిగి రాదు. దాచుకుంటే అత్తగారు తినదు. వాడితే ఎన్నాళ్లొస్తుందో చెప్పలేరు.

“ఏం చెయ్యనురా దీన్ని?” అంది అక్క, చేతులు వెనక్కి పెట్టుకుని.

“ఊరికే తుడువక్కా. పైపైన.”

అక్క పొడి మసిగుడ్డతో అంచు మాత్రం అద్ది, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు కిటికీ దగ్గర పెట్టింది.

ముందుగదిలోంచి పిలుపు వినిపించింది. “అమ్మాయీ, రేపు కాస్త ఉప్పు వెయ్యవే!”

అక్క ఉప్పు డబ్బా తీసి కిటికీ దగ్గర, మూత పక్కన పెట్టింది.