చౌడు పోస్తే లేచిన అంతస్తు

మాది పుంగనూరు పక్కన చిన్న ఊళ్ళో మట్టి మిద్దె. ఇలాంటి మిద్దెల మీద ఏటా వానలకు ముందు చౌడుమన్ను పరిచి తొక్కాలి. తడి తగలగానే ఆ మన్ను బిగుసుకుని చుక్క నీటిని కిందికి దిగనివ్వదు. పోయినేడు నా మోకాళ్ళు మొరాయించి ఆ పని మానుకున్నాను. తూర్పు దూలం నానిపోయింది. ఇంకొక్క పెద్ద వాన పడిందంటే కప్పు మా నెత్తిన కూర్చుంటుంది. అందుకే ఈ ఏడు ముందుగానే ట్రాక్టరు చౌడు తోలించి వీధిలో పోయించాను.

ఆ కుప్పను చూసి మునిశేఖర్ వచ్చాడు. ఇళ్ళ అనుమతులు చూసే ఉద్యోగి. కుప్పం పిల్లోడు, పుట్టిందీ పెరిగిందీ స్లాబు కింద.

“ఏం కడతాండావవ్వా? పర్మిషన్ ఉండాదా?”

“కట్టేదేముందప్పా, మిద్దె కారతాండాది. చౌడు పోస్తాండా.”

“రిపేరా? రిపేరుకు పర్మిషన్ అక్కర్లే.”

“అట్లయితే పో నాయనా, సల్లగుండు.”

“అది రిపేరేనని ఆన్‌లైన్లో పెట్టాల గదా. పెట్టేదాకా గంప ఎత్తొద్దు.”

అక్కర్లేని అనుమతికి అర్జీ ఎందుకని నా కోడలు చంద్రిక అడిగింది. అక్కర్లేదని తేల్చడానికట. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. ఇదంతా పై తరగతుల్లో చెప్తారు కాబోలు అనుకుని ఊరుకున్నాను.

అర్జీ అతనే ఫోన్లో నింపాడు. కప్పు ఏ రకమని అడిగింది ఫోను. స్లాబు, పెంకు, రేకు, అంతే, మట్టి లేదు. స్లాబు అని నొక్కాడు. దానిమీద ఏం వేస్తారని అడిగింది. కప్పు మీద వేసేది దానికి తెలిసింది ఒక్కటే, కొత్త అంతస్తు. “దగ్గర్లో ఇదే ఉండాదిలే అవ్వా” అని దాన్ని కూడా నొక్కాడు.

నాలుగు రోజులకు కాగితం వచ్చింది. మా పైఅంతస్తుకు ప్లాను లేదట, మెట్లు లేవట. మదనపల్లెకు పోయి ఇంజనీరు చేత గీయించుకు రావాలట, అంతదాకా పని ఆపాలట. చంద్రిక చదువుతుంటే నేను వీధిలోకి పోయి తలెత్తి చూశాను, ఎందుకైనా మంచిదని. పైన ఒక కాకి కూర్చుని ఉంది.

మర్నాడు హార్స్లీ హిల్స్ వైపు మబ్బు నల్లగా కమ్ముకొచ్చింది. ఇంక ఇంజనీరెక్కడ, ప్లానెక్కడ! కింద నేను గంపలు నింపాను, చంద్రిక నిచ్చెన మీద మోసి, పరిచి, తొక్కింది. ఆఖరి గంప పోసే సమయానికి మునిశేఖర్ నోటీసుతో దిగాడు.

“పర్మిషన్ లేకుండా అంతస్తు లేపితివి గదవ్వా! కూల్చేయాల!”

“కూల్సప్పా. నిచ్చెన ఆడే ఉండాది.”

ఎక్కాడు. నాలుగు వైపులా చూశాడు. దిగాడు.

“ఆడ ఏమీ లేదే!”

“నాకేం తెలుసప్పా, కట్టింది నువ్వు గదా.”

“దీన్ని కాన్సిల్ చేసేకి లేదవ్వా. కూల్చినట్టు ఫొటో పెడితేనే ఫైలు మూస్తారు. లేకుంటే నా మెడకు సుట్టుకుంటాది.”

“యాల ఏడుస్తావు? ఫొటో తీసుకో. పైన అంతస్తు అగుపిస్తే నన్నడుగు.”

మునిశేఖర్ వీధికి అవతల నిలబడి తీశాడు. మా మిద్దె, దానిమీద ఉత్త ఆకాశం. ‘అక్రమ అంతస్తు పూర్తిగా తొలగించబడినది’ అని రాసి నా చేత సంతకం పెట్టించాడు.

ఇంతలో వాన అందుకుంది. ముగ్గురం లోపలికి పరుగెత్తాం. నేను తూర్పు దూలం కిందే నిలబడి పైకి చూస్తూ ఉన్నాను. కుండపోతగా కొట్టింది. చుక్క దిగలేదు. అప్పుడు గానీ తల దించలేదు.

మునిశేఖర్ తల తుడుచుకుంటూ, “వచ్చే ఏడు చౌడు పోసే ముందర నాకో మాట చెప్పవ్వా” అన్నాడు.

“యాలప్పా, ఈతూరి రెండంతస్తులు లేపేకా?”