నిచ్చెన వాళ్ళది, చోటు మాది

మా ఇంటి మీద సోలార్ ప్యానెల్ ఉంది. లోపల బ్యాటరీ ఉంది. ముందుగదికొకటి, వంటగదికొకటి, పెరట్లో స్నానాలగదికి వెళ్ళే దారికొకటి దీపాలున్నాయి. లేనిదల్లా నిచ్చెన. ఈ ముక్క చెబితే నవ్వుతారని తెలుసు. నవ్వండి, ఆ ఓపిక మీకుంది. నాకు లేదు.

మా వీధి చివర రాళ్ళు కోసే మిషన్లు నడుస్తాయి. ఆ దుమ్మంతా తిన్నగా వచ్చి మా కప్పు మీద కూర్చుంటుంది. వారానికోసారి తడిగుడ్డతో తుడిచామా, ప్యానెల్ బుద్ధిగా పనిచేస్తుంది. తుడవలేదా, సున్నం కొట్టినట్టు తెల్లబడిపోతుంది. అప్పుడు నెత్తిన ఎండ మాడ్చేస్తున్నా బ్యాటరీ నిండదు. సాయంత్రం దీపం కాసేపు మినుకు మినుకుమని ఆరిపోతుంది.

నిచ్చెన పక్కింట్లో ఉంది. పక్కిల్లంటే పరాయివాళ్ళది కాదు, మా బావగారిది. ఉన్న ఒక్క ఇంటికి మధ్యలో గోడ లేపి అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు. కప్పు మాత్రం ఒకటే, దాని మీద వాళ్ళ ప్యానెలూ మా ప్యానెలూ పక్కపక్కనే ఉంటాయి. బావగారు గోడలకు రంగులు వేస్తారు కాబట్టి నిచ్చెన ఆయనది. కానీ వాళ్ళ వైపు గడప దాటితే మురికికాలువ, నిచ్చెన ఆనించే చోటే లేదు. ఆ చోటు మా పెరట్లో ఉంది. మాటలున్న రోజుల్లో ఇందులో చిక్కేమీ లేదు. సెలవురోజు పొద్దున్నే ఆయన నిచ్చెన తెచ్చి పట్టుకునేవారు, మా ఆయన ఎక్కి రెండూ తుడిచేవాడు.

ఒకసారి మా ఆయన ఆ నిచ్చెనను తన షాపుకు తీసుకెళ్ళి గ్రీజు మరకలతో తిరిగి తెచ్చాడు.

"తీసుకెళ్ళేటప్పుడెలా ఉంది, తెచ్చేటప్పుడెలా ఉంది?" అన్నారు బావగారు.

"అంత అపురూపమైతే పట్టుబట్టలో చుట్టి దాచుకో" అన్నాడు మా ఆయన.

అంతే. ఆస్తి తగాదా కాదు, పరువు తగాదా కాదు, గ్రీజు మరక. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎదురుపడితే ఒకరు ఆకాశం చూస్తారు, ఒకరు చెప్పులు చూసుకుంటారు.

ఇంకో సంగతి చెబితే మీకూ ఒళ్ళు మండుతుంది. మా ఆయనది వెల్డింగ్ షాపు. ఈ వీధిలో సగం గేట్లు ఆయన చేతి పనే. ఒక పూట కూర్చుంటే ఇనప నిచ్చెన తయారవుతుంది. అడిగితే "చేస్తాలే" అంటాడు. గట్టిగా అడిగితే, "ఇప్పుడు చేసుకుంటే వాడి నిచ్చెన లేక చేసుకున్నామని వాడు మురిసిపోతాడు" అంటాడు. మరి లేకే కదా చేసుకోవాల్సింది. ఈ మగవాళ్ళ లెక్క నాకు ఈ జన్మకు అర్థం కాదు.

గోడ అవతల మా తోడికోడలి అవస్థా ఇదే. బట్టలారేసే వేళ గోడ మీదుగా చెప్పుకుంటాం.

"మా దీపం కూడా గుడ్డిదైపోయింది చెల్లీ. నిచ్చెన పట్టుకెళ్ళి తుడవండి అంటే, వాడి పెరట్లో అడుగు పెట్టనంటారు."

"అడుగు పెట్టకుండా ఎగిరొస్తారేమో అడుగక్కా" అన్నాను.

దీపం లేకపోతే మేం ఎలాగో సర్దుకుంటాం. నా బెంగంతా మా అత్తయ్య గురించి. మా దగ్గరే వెనకగదిలో ఉంటుంది. చూపు బాగా తగ్గింది. స్నానాలగదికి పెరడు దాటి వెళ్ళాలి. మొన్నామధ్య దీపం ఆరిపోయిన ఒక సాయంత్రం నీళ్ళతొట్టి అంచు తగిలి పడిపోయింది. మణికట్టు వాచింది. "చెయ్యి కాబట్టి సరిపోయింది. ఈ వయసులో తుంటి విరిగితే ఇక లేవరు" అన్నాడు డాక్టరు. ఆ మాట నా గుండెల్లో అలాగే ఉండిపోయింది. అప్పట్నుంచి పొద్దుగూకితే చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్తున్నాను. ఆవిడకేమో అది చిన్నతనం.

"ఖైదీని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్తావేమే" అని విసుక్కుంటుంది.

ఈలోగా సోలార్ పథకం ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మంచి పిల్లే, నవ్వుతూ మాట్లాడింది. వీధిలో చాలా ఇళ్ళలో దీపాలు సరిగా వెలగడం లేదట, ఎందుకో కనుక్కోమని పంపారట. బ్యాటరీ ఫోటో తీసుకుంది, మీటలు నొక్కి చూసింది.

"ప్యానెల్ తుడుస్తున్నారా అండీ?"

"ఎలా ఎక్కమంటావమ్మా?"

"నిచ్చెన వేసుకుని."

"అదే లేదు. ఇన్ని ఇచ్చారు, వీధికొక నిచ్చెన ఇవ్వకూడదా?"

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "నిచ్చెన మా పరిధిలోకి రాదండీ" అంది. బ్యాటరీ మార్చాలేమో పైవాళ్ళతో మాట్లాడతానంది. బ్యాటరీకేం రోగం, నిక్షేపంలా ఉంది. రోగమంతా గోడకి అటూ ఇటూ ఉంది. ఆ మాట పైకి అనలేదు, మంచినీళ్ళిచ్చి పంపించాను.

మా మాటలన్నీ అత్తయ్య లోపల్నుంచి విన్నట్టుంది. మర్నాడు సెలవు. కొడుకులిద్దరూ ఎవరింట్లో వాళ్ళున్నారు. అత్తయ్య కొంగు బిగించి పెద్దకోడలిని గోడ మీదుగా పిలిచింది.

"ఆ నిచ్చెన నువ్వో కొస, ఇదో కొస పట్టుకుని ఇటు తీసుకురండి. పలక తుడవాలి."

ప్యానెల్‌ను ఆవిడ పలక అంటుంది. మేమిద్దరం మోసుకొచ్చి మా గోడకు ఆనించాం. నేను గుడ్డ తడిపి తెచ్చి ఎక్కబోయాను. అత్తయ్య గుడ్డ లాక్కుంది.

"మీకేమైనా మతిపోయిందా అత్తయ్యా? నేనెక్కుతాను, ఇలా ఇవ్వండి."

"నువ్వెక్కితే వాళ్ళకి చీమ కుట్టినట్టైనా ఉండదు" అంటూ మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

ఆపితే తోసుకుని ఎక్కేలా ఉంది. ఇద్దరం నిచ్చెన పట్టుకుని కేకలు పెట్టాం. మా ఆయన చేతిలో టీ గ్లాసుతో బయటికొచ్చాడు, చూశాడు, గ్లాసు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. ఎప్పుడు గోడ దూకారో తెలీదు, బావగారు రెండో వైపు పట్టుకుని ఉన్నారు. అడుగు పెట్టనన్న పెరడే.

అత్తయ్య మాత్రం తాపీగా కప్పెక్కింది. చేత్తో తడిమి చూసుకుంటూ మా ప్యానెల్ తుడిచింది, వాళ్ళది తుడిచింది. మురికి నీళ్ళు కారి కొడుకులిద్దరి నెత్తినా పడ్డాయి. తుడవడం అయిపోయింది కానీ ఆవిడ దిగలేదు. కాళ్ళు చాపుకుని అక్కడే కూర్చుంది.

"దిగమ్మా" అన్నాడు మా ఆయన.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను, దిగు" అన్నారు బావగారు.

"దణ్ణం పెడితే చెయ్యి వదలాలిరా. వదలకు" అంది అత్తయ్య. తర్వాత మెల్లగా అంది. "నేను చీకట్లో పడి పోతే మొయ్యడానికి ఇద్దరూ వస్తారు కదరా. ఆ వచ్చేదేదో నేనుండగానే రండి."

మా తోడికోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకైతే ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంత మాట ఆ ముసలావిడ చేత కప్పెక్కి అనిపించాలా అని ఇద్దరి నెత్తినా మొట్టాలనిపించింది.

ఆవిడ దిగడానికి లేచి నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టింది. నిచ్చెన కాస్త కదిలింది.

"నీ వైపు కాలు జారుతోంది, రాయి పెట్టు" అన్నారు బావగారు.

"ఏ రాయి?"

"అదే, తొట్టి పక్కనున్నది."

"నేను వదిలితే నువ్వొక్కడివే పట్టుకోగలవా అన్నయ్యా?"

"పట్టుకుంటాను, పెట్టు."

ఇన్నాళ్ళకు మాట్లాడిన మాటలు అవి. రాయి గురించి. సరే, అదే మహాప్రసాదం అనుకున్నాను.

ఆ సాయంత్రమే మా ఆయన పెరటి గోడకు కొక్కేలు బిగించాడు. నిచ్చెన ఇప్పుడు అక్కడే ఉంటుంది. కొక్కేలు వంకరగా ఉన్నాయని బావగారంటారు, వంకర నీ నిచ్చెనదే అని ఈయనంటాడు. అననీ. సెలవురోజు పొద్దున ఒకరు పట్టుకుంటున్నారు, ఒకరు ఎక్కుతున్నారు, నాకంతే చాలు. ఆఫీసు అమ్మాయి మళ్ళీ వచ్చి, మీ రెండిళ్ళలోనే ఇంత బాగా ఎలా వెలుగుతున్నాయని అడిగింది. జరిగిందంతా చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే బ్యాటరీ మంచిదని రాసుకోనా అండీ?" అంది. రాసుకో తల్లీ అన్నాను.

నిన్న పొద్దుగూకాక అత్తయ్య వెనకగదిలోంచి లేచింది. అలవాటు కొద్దీ నేనూ చేతిలో పని వదిలి లేచాను. ఆవిడ గుమ్మం దగ్గర ఆగి పెరట్లోకి చూసింది. దీపం తొట్టి అంచు దాకా పడుతోంది.

"కూర్చోవే" అంది. "నాకు కనిపిస్తోంది."