సేటు లోపలికి వచ్చినప్పుడల్లా

మెదక్‌లో కొవ్వొత్తులు చేసేవాడికి క్రిస్మస్ ముందు నెలంతా పెళ్లివారి ఇంటి సందడే. హకీం సేటుకు మాత్రం ఈసారి ఆ సంబరం లేకుండా పోయింది. అలా చేసింది పరాయివాళ్లు కాదు, కన్నకొడుకు జుబేర్. హైదరాబాదులో ఎంబీఏ చదివొచ్చిన ఆ కుర్రాడు నెలరోజులు తండ్రి కొవ్వొత్తుల షెడ్డులో తిరిగి, తొమ్మిది మంది చేసే పని ఎనిమిది మందితో అవుతుందని తేల్చాడు. ఎవరు ఎక్కువో తాను చెప్పడట, కెమెరా చెబుతుందట. చదువుకున్నవాళ్లతో ఇదే తంటా, చెడ్డమాట తమ నోటితో అనరు.

కెమెరా ఏం చెబుతుందో హకీంకు ముందే తెలుసు. యేసమ్మ పేరే చెబుతుంది. అరవై దాటిన మనిషి. ఇరవై ఏళ్లుగా ప్యాకింగు ఆమెదే. వేళ్లలో మునుపటి చురుకు లేదు. ఆమెను ఏ ముఖం పెట్టుకుని పొమ్మనాలో ఆయనకు తోచలేదు. అయినా కెమెరా ఎవరిని చూపిస్తే వాళ్లను తీసేద్దామని కొడుక్కి మాటిచ్చేశాడు.

జుబేర్ ఫోనును పైన దూలానికి కట్టాడు. షూటింగు సంగతి తెలిసి మర్నాడు ఆడవాళ్లందరూ పండగ చీరల్లో దిగారు. మైనం కాచే మోహసిన్ తలకు రంగేసుకొచ్చాడు. కొత్తబట్టల మీద మైనం పడకుండా అందరూ దూరందూరంగా మెలిగేసరికి ఆ రోజు పని సగమే అయింది. జుబేర్ తల పట్టుకుని, పాతబట్టల్లో రమ్మని చెప్పి, మళ్లీ మూడు రోజులు తీశాడు.

శనివారం మధ్యాహ్నం తిండ్లయ్యాక ఇంట్లో టీవీని షెడ్డులోకి తెచ్చి సినిమా వేశాడు. రోజంతా చేసిన పని పది నిమిషాల్లో అయ్యేలా వేగం పెంచాడు. మోహసిన్ గిన్నె పట్టుకుని ఉరుకుతుంటే అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఒకరిని తీసేస్తారన్న మాట చెవిన పడ్డ యేసమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ చూస్తోంది. హకీం టీవీని వదిలి ఆమెనే చూస్తున్నాడు.

అంతలో తెర మీద ఒక వింత జరిగింది. తొమ్మిది మందీ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఒకరు కుర్చీ జరిపారు, ఒకరు మంచినీళ్లు తెచ్చారు, ఒకరు ఫ్యాను అటు తిప్పారు. మధ్యలోంచి ఒక బట్టతల నింపాదిగా నడిచిపోయింది. అందరూ కూర్చున్నారు. కాసేపటికి మళ్లీ లేచారు, మళ్లీ అదే బట్టతల.

హకీంకు నవ్వాగలేదు. "పాపం, పనంత చెడగొడుతుండు. గా బట్టతలాయన ఎవలు?"

మోహసిన్ పైకప్పు చూడసాగాడు. ఎవరి వీపు వాళ్లకు కనబడదంటారు, నడినెత్తీ అంతే. హకీం చెయ్యి మెల్లగా తల మీదికి పోయింది. అప్పుడు షెడ్డంతా విరగబడి నవ్వింది, యేసమ్మతో సహా.

సేటు లోపలికి వచ్చింది రోజుకు పద్నాలుగు సార్లు. తిన్నారా అని ఒకసారి, పిల్లకు జ్వరం తగ్గిందా అని ఒకసారి, ఊరికే ఒకసారి. వచ్చిన ప్రతిసారీ తొమ్మిది మందికీ నాలుగేసి నిమిషాలు పోయాయని, అదంతా కలిపితే ఒక మనిషి చేసే రోజు పని అని జుబేర్ నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"అయితే తీసెయ్యాల్సినోడు దొరికిండు," అన్నాడు హకీం.

యేసమ్మ జోలికి పోయే పని తప్పినందుకు ఆయన గుండె తేలికైంది. కానీ గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. తన చేతులతో కట్టుకున్న షెడ్డది.

రెండు రోజులు ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఉప్పుడబ్బా పొయ్యికి ఎంత దూరంలో ఉండాలో భార్య సాబెరాకు నేర్పబోయాడు. మూడోనాడు ఆమె టిఫిన్ డబ్బా చేతికిచ్చి, ఎక్కడికైనా వెళ్లండి గానీ వంటింట్లో ఉండొద్దంది.

కాళ్లు ఆయన్ను షెడ్డుకే తీసుకెళ్లాయి. లోపలికి పోతే అందరూ లేస్తారని గుమ్మం బయటే ఆగిపోయాడు. యేసమ్మ చూసి బయటికొచ్చింది.

"సేటు వస్తె లేస్తం. పనోళ్లొస్తె ఎవ్వలం లేవం. లోపలికి రాండ్రి."

తన పక్కన పీట వేసి, డబ్బాల మీద లేబుళ్లు అంటించే పని అప్పజెప్పింది. హకీం కూర్చున్నాడు. ఒక్కరూ లేవలేదు. అంత సంతోషం ఆయనకు ఈమధ్య ఎన్నడూ కలగలేదు.

పొద్దుగూకే వేళ జుబేర్ కాగితం పట్టుకుని వచ్చాడు. యేసమ్మవి నూటపది డబ్బాలు. తండ్రివి ముప్పై, అందులో ఆరింటికి లేబుల్ తలకిందులు. ఏం రాయాలో తెలియక కుర్రాడు పెన్ను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. హకీం తల వంచుకున్నాడు.

యేసమ్మ చేస్తున్న పని ఆపకుండానే చెప్పింది.

"కొత్తగ వచ్చిండ్రు గద బాబూ. జర టైమియ్యుండ్రి, నేర్చుకుంటరు."