ఒకటి, ఆగి రెండు

"సంతకం పెట్టావా?" అని మా ఆయన మాచయ్య వసారాలోంచి అడిగేటప్పటికి నా చేతులు మోచేతుల దాకా నూనెలో ఉన్నాయి. గురువారం తుపాకులు తుడిచే రోజు. జులై ఆగస్టుల్లో వచ్చే కక్కడ నెల వానకి మా కొడగు కొండల్లో గోడకి తగిలించిన చొక్కాయే బూజు పడుతుంది, ఇక ఇనుము సంగతి చెప్పాలా? మా ఇంట్లో అయిదు తుపాకులు. నాలుగు మా అత్తవారి వంశానివి, ఒకటి నాది. పెళ్ళయి వచ్చిన మొదటి వానాకాలం "మీ నాన్న నేర్పాడటగా, కాస్త ఇవి కూడా చూడు" అని మాచయ్య ఆ నాలుగూ తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ 'కాస్త' కి ఇరవై ఆరేళ్ళు నిండాయి. ఆయుధాల పండుగనాడు వాటికి మేం తుపాకి పువ్వులనే అగ్నిశిఖ పూలు కట్టి, గంధం పెట్టి, పూజగదిలోంచి ఒక్కొక్కటే అందుకుని మగవాళ్ళు కొబ్బరికాయల్ని గురిచూసి పేల్చే పోటీకి మైదానానికి వెళ్తారు. "మాచయ్య ఇంటి తుపాకులు పెళ్ళికొడుకుల్లా ఉంటాయి" అంటుంది ఊరు. ఆయన మీసం దువ్వుకుంటాడు. నేను వంటింట్లో పంది కూర కలుపుతూ, గోళ్ళ సందుల్లో నూనె వాసన పోవడానికి నిమ్మచెక్క రుద్దుకుంటూ ఉంటాను. తుపాకులు మగవాళ్ళవి, తుప్పు మాత్రం ఆడవాళ్ళది.

"చేతులు ఖాళీ లేవు," అన్నాను.

"ఖాళీ అయ్యాకే పెట్టు. సోమవారం బిద్దప్ప టౌనుకి వెళ్తున్నాడు."

లోపల మంచం మీంచి అత్తయ్య గొంతు వినిపించింది. "పూవూ, ఎడమ గొట్టం ఇంకోసారి తుడువు. బ్రష్షు గరగరమంటోంది." ఆవిడకి ఎనభై ఒక్కేళ్ళు. పది రోజులుగా మంచం దిగలేదు, గంజి తప్ప లోపలికి పోవడం లేదు. చెవులు మాత్రం అలాగే ఉన్నాయి. నేను ఎడమ గొట్టం మళ్ళీ తుడిచాను. నిజంగానే లోపల్నించి ఇంత మట్టి వచ్చింది.

మాచయ్య సంతకం పెట్టమన్న కాయితం నా తుపాకిని బిద్దప్ప కొడుకు పేరు మీదికి మార్చేది. బిద్దప్ప నా మరిది, మా పక్క తోటలోనే ఉంటాడు. కొడుక్కి మైసూరులో ఉద్యోగం. కొత్త ఇల్లు కట్టుకున్నాడు, హాల్లో గోడకి తగిలించుకోవడానికి పాత తుపాకి ఒకటి కావాలట. మా కొడవ జాతివాళ్ళకి లైసెన్సు అక్కర్లేకపోయినా, ఎవరి తుపాకి వాళ్ళ పేరున ఒక కాయితం ఉంటుంది. నా కాయితం ఈ ఏడాది కొత్తగా రాయించాల్సి వచ్చింది. ఎలాగూ రాయిస్తున్నాం కాబట్టి మగపిల్లాడి పేరునే రాయిద్దాం అన్నారు అన్నదమ్ములిద్దరూ. "మనకి ఉన్నది ఆడపిల్ల. రేపు అది ఇంకో ఇంటికి పోతుంది. తుపాకి కూడా దాని వెనకాలే పోవాలా?" అని మాచయ్య న్యాయంగా మాట్లాడుతున్నట్టే అడిగాడు. నేనూ ఇంకో ఇంటి నించే వచ్చాననీ, నా వెనకాలే ఈ తుపాకీ వచ్చిందనీ ఆయనకి తట్టలేదు. వీళ్ళ నాలుగూ గోడ మీద ఉండగా నాదే ఎందుకని బిద్దప్పని అడిగితే, "అవి వంశానివి వదినా" అన్నాడు. అంటే నాది ఏ వంశానిదీ కాదన్నమాట.

అది మా తాత ఒక తోట దొర దగ్గర కొన్న రెండు గొట్టాల తుపాకి. రెండు మీటలు, పైన నక్క చెవుల్లా నిలబడి, మీట నొక్కితే తూటా మీద పడే రెండు గుర్రాలు. నాన్నకి మగపిల్లలు లేరు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు మొదటిసారి చేతికిచ్చాడు. భుజానికి ఆనించే చెక్కని మడమ అంటాం, ఆ మడమ పొడుగై నా చంకలో ఇరుక్కుంది. నాన్న నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, లోపలికి వెళ్ళి రంపం తెచ్చి, మడమ ఒక అంగుళం కోసేశాడు. ఊళ్ళో పెద్దలంతా వచ్చి గగ్గోలు పెట్టారు. "ఏమయ్యా ఉత్తయ్యా, బంగారం లాంటి పాత తుపాకి, ఆడపిల్ల కోసం పాడు చేస్తావా?" నాన్న రంపప్పొట్టు ఊదుకుంటూ, "తుపాకి కోసం పిల్లని సాగదీయలేను కదా," అన్నాడు. అప్పటి నించి అది ఏ మగవాడి భుజానికీ సరిపోదు. మాచయ్య రెండుసార్లు పట్టి చూసి "పొట్టిది" అని పక్కన పెట్టేశాడు. నేను మాత్రం దాన్ని ఎత్తితే చాలు, మడమ వచ్చి భుజం గుంటలో కూర్చుంటుంది, చెంప దానంతటదే చెక్క మీదికి వాలుతుంది. ఇన్నేళ్ళలో నా కొలతలకి కోసి ఇచ్చిన వస్తువు నాకు అదొక్కటే.

మా వైపు కొడుకు పుడితే వాకిట్లో నిలబడి తుపాకి ఒకసారి పేలుస్తారు. మనిషి పోతే రెండుసార్లు. లోయకి అవతల గట్టు మీద కలుపు తీస్తున్నవాళ్ళు కూడా నడుం ఎత్తి లెక్కపెడతారు. ఒకటైతే అరటిగెల తీసుకుని వస్తారు, రెండైతే పని ఆపి వస్తారు. కూతురు పుడితే ఏమీ పేల్చరు. మా దేచు పుట్టినప్పుడు నేను పడుకుని, వాకిట్లోకి చెవులు పెట్టుకుని చాలాసేపు ఉన్నాను. పేల్చరని తెలుసు, అయినా విన్నాను. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. మాచయ్య లోపలికి వచ్చి, "వచ్చేసారి పేలుద్దాంలే," అని నన్నే ఓదార్చాడు. వచ్చేసారి అనేది రాలేదు. అత్తయ్య నాకు బెల్లం కాఫీ పట్టుకొచ్చి, పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. "నాకూ పేల్చలేదు, నీకూ పేల్చలేదు, దీనికీ లేదు. ముగ్గురం చప్పుడు చెయ్యకుండానే వచ్చాం," అంది. ఆవిడ నవ్వుతోందనుకుని నేనూ నవ్వాను. తీరా చూస్తే ఆవిడ కళ్ళు నవ్వడం లేదు.

ఆ తర్వాత నాలుగేళ్ళకి మామయ్య పోయారు. ఇంకో సంవత్సరం గడిచాక ఒక గురువారం నేను నా తుపాకి తుడుస్తుంటే అత్తయ్య వచ్చి పక్కన చతికిలబడింది. "నలభై ఏళ్ళు వీళ్ళ షికారుకి అన్నం మూటలు మోశాను. అది ఎలా తంతుందో ఒక్కసారి చూడాలనుంది పూవూ," అంది. అరవై ఒక్కేళ్ళ మనిషి. నాకంటే పొట్టి. ఇద్దరం కింది పొలంలోకి దిగాం. కొట్టేసిన పనస మొద్దు మీద కొబ్బరికాయ పెట్టి, నలభై అడుగులు కొలిచి నిలబెట్టాను. మొదటి దెబ్బకి ఆవిడ తలగుడ్డ ఊడి బురదలో పడింది, కొబ్బరికాయ నవ్వుతూ అక్కడే ఉంది. భుజం పట్టుకుని, "దొంగముండ, బాగానే తంతుందే," అని మళ్ళీ చెయ్యి చాపింది. నాలుగోదానికి కాయ పగిలింది. ఆ కొబ్బరే ఆ రోజు కూరలో వేశాం. ఎవరూ అడగలేదు, మేం చెప్పలేదు.

అప్పటి నించి ఇరవై ఏళ్ళు ప్రతి గురువారం నాలుగు తూటాలు. తక్కువ పేలిస్తే ఊరు పుట్టుకో చావో అనుకుంటుంది కాబట్టి నాలుగుకి తగ్గకూడదని అత్తయ్యే లెక్క పెట్టింది. ఊళ్ళో మగవాళ్ళు చాలామంది ఏడాదికి ఒక్క రోజు పేలుస్తారు. ఆవిడ ఏడాదికి యాభై రెండు వారాలు. పాత తుపాకిని పేల్చకుండా ఉంచితే మొగుడు మాట్లాడని పెళ్ళాంలా లోపల్లోపల తుప్పు పడుతుందని అనేది. నేను నాన్న దగ్గర నేర్చుకున్నాను గానీ, గురి అంటే ఏమిటో నాకు తెలిసింది ఆవిడని చూశాకే. కాళ్ళు నేలలోకి దిగేసినట్టు నిలబడేది. తలగుడ్డ ముడి ఒకవైపు లాగి ఎడమ కన్ను మూసేసుకునేది. ఎలా కొడతావత్తయ్యా అంటే, "ఊపిరి వదిలేశాక, మళ్ళీ పీల్చుకోకముందు, కాస్త ఖాళీ ఉంటుందే, అక్కడ. ఆ కాస్తలో నన్ను ఎవరూ పిలవరు," అంది. నాకు ఆ మాట గుండెలో దిగబడిపోయింది. పొద్దున అయిదు నించి "అమ్మా, పూవూ, వదినా, కాఫీ, చెప్పులు, తువ్వాలు" వినే చెవులకి ఆ ఖాళీ విలువ తెలుస్తుంది.

డెబ్భయ్యో ఏట ఆవిడ పండుగ పోటీకి వెళ్ళింది. ఆడవాళ్ళకి గాలి తుపాకి, పది అడుగుల్లో బెలూన్లు. మగవాళ్ళకి అసలు తుపాకి, చెట్టు కొనన కొబ్బరికాయ. అత్తయ్య నా తుపాకి పట్టుకుని మగవాళ్ళ వరసలో నిలబడింది. "అవ్వా, మీ వరస అటు," అని మైకులో అన్నారు, అంతా నవ్వారు. "కొబ్బరికాయ ఇటుంది కదయ్యా," అంది ఆవిడ. ఒక్క దెబ్బకి కాయ కిందికి వచ్చింది. ఏమివ్వాలో తెలియక, ఆడవాళ్ళ బహుమతి ఒకటి మిగిలితే అదే చేతిలో పెట్టారు. గులాబీ రంగు హాట్ బాక్స్. మగవాళ్ళలో గెలిచినవాడికి కొత్త తుపాకి ఇచ్చారు. ఇంటికొచ్చి ఆవిడ హాట్ బాక్సులో అడుగున నెమ్ము లాగేందుకు వేయించిన బియ్యం పోసి, దాని మీద మా తూటాలు పేర్చి, మూత బిగించి పొయ్యి మీది అటక ఎక్కించింది. "అన్నం ఎలాగూ వేడిగానే తింటారు, ఇవి వేడిగా ఉండనీ," అంది. ఇంటివాళ్ళ తూటాలు కూడా అందులో పెడతానని నేను బిద్దప్పని ఎన్నోసార్లు అడిగాను. "అప్పడాలా వదినా, అటక మీద ఆరబెట్టడానికి?" అనేవాడు. అవి వసారా బీరువాలోనే ఉండేవి.

సోమవారం పొద్దున నేను గంజి పట్టుకుని వెళ్ళేటప్పటికి అత్తయ్య వెళ్ళిపోయింది. చెయ్యి ఇంకా వెచ్చగా ఉంది. ఏడవాలో వద్దో తెలియక ఆ చేతినే పట్టుకుని కాసేపు కూర్చున్నాను. కరెంటు పోయి నాలుగు రోజులు, ఫోన్లు ఏవీ మోగడం లేదు. రోడ్డు మీద చెట్లు పడ్డాయి. ఊరికి కబురు చెప్పడానికి తుపాకి తప్ప దారి లేదు. బయట ఊళ్ళో ఉన్న దేచుకి కబురు చెయ్యడానికి బిద్దప్ప మనిషిని టౌనుకి తోలాడు. అత్తయ్యకి స్నానం చేయించి, మా ఆచారం ప్రకారం కూర్చోబెట్టాక, మాచయ్య వంశం తుపాకి తీసుకుని వాకిట్లో నిలబడ్డాడు. వాన కాస్త తెరిపిచ్చింది. మొదటిది పేలింది. లోయలోకి వెళ్ళి, అవతలి గట్టుకి తగిలి, మళ్ళీ మా దగ్గరికి వచ్చింది. రెండో మీట నొక్కాడు. టక్కుమంది, అంతే. కాసేపు ఆగి, తెరిచి, ఇంకో తూటా పెట్టాడు. టక్. ఇంకొకటి. టక్. అట్ట తూటాలు నెమ్ముకి ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఒకటి వినపడిందిగా అన్నా, చాల్లే. మిగతాది మనిషిని పంపి చెప్పిద్దాం," అన్నాడు బిద్దప్ప.

ఒకటంటే లోయంతా ఈ ఇంట్లో కొడుకు పుట్టాడని వింటుంది. ఇరవై ఏళ్ళు గురి తప్పని మనిషి చావుని, అబద్ధపు మగబిడ్డ కింద పాతేస్తారు. మాచయ్య పేలని తుపాకిని మళ్ళీ తెరిచి చూస్తున్నాడు. తల్లి పోయిన మనిషి, ఆ క్షణాన నాకు ఆయన మీద కోపం రాలేదు. కానీ ఆయన కోసం ఆగాలని కూడా అనిపించలేదు. లోపలికి వెళ్ళి అటక మీంచి హాట్ బాక్స్ దించాను. తూటాలు గోరువెచ్చగా ఉన్నాయి. నా తుపాకి తీసుకుని వాకిట్లోకి వచ్చాను.

"ఇటివ్వు వదినా, నేను పేలుస్తా," అని బిద్దప్ప చెయ్యి చాపాడు.

"దీని మడమ నీ భుజానికి సరిపోదు," అన్నాను.

రెండు గుర్రాలూ వెనక్కి లాగాను. చెంప చెక్క మీద ఆనింది. ఊపిరి వదిలాను. ఆ ఖాళీలో ఎవరూ పిలవలేదు. కుడిది పేలింది. ఎడమది పేలింది. రెండూ గట్టు దాటి వెళ్ళాయి. అప్పుడు ఏడుపు వచ్చింది, ఏడిచాను. బిద్దప్ప తుపాకి లోపల పెడతానని మళ్ళీ దగ్గరికి వచ్చాడు. "నేనే పెట్టుకుంటాను. బల్ల మీద ఆ కాయితం ఉంది, తీసుకుపో. నేను సంతకం పెట్టడం లేదు. ఇది దేచుది," అన్నాను. శవం దగ్గర అనాల్సిన మాట కాదని తెలుసు. మాచయ్య నా వంక చూశాడు, పేలని తూటాల వంక చూశాడు, తల దించుకున్నాడు.

మధ్యాహ్నానికి అవతలి గట్టు జనం వచ్చారు. అందరికంటే ముందు ముద్దవ్వ, నెత్తిన అరటిగెలతో, బురదలో జారుతూ. వాకిట్లో అత్తయ్యని చూసి గెల కింద పడేసి కూలబడింది. చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుంది.

"ముందు ఒకటే విన్నానే. కొడుకు పుట్టాడనుకుని గెల కోసుకుని బయల్దేరాను. దారిలో ఉండగా రెండు విన్నాను. ఒకళ్ళు పుట్టారు, ఒకళ్ళు పోయారు అనుకుంటూ వచ్చాను. పోయింది మీ అత్త. మరి పుట్టిందెవరే పూవూ?"

మాచయ్య ఏదో చెప్పబోయాడు. బిద్దప్ప తూటాల నెమ్ము గురించి గొణిగాడు.

"మా అత్తయ్యే," అన్నాను. "ఆ మొదటిది ఆవిడ పుట్టినందుకు. ఎనభై ఒక్కేళ్ళు ఆలస్యమైంది."