గీతలమ్మ రాయి

చిన్న మంగళారం బయట, బీరయ్య చేను దాటగానే నాలుగు పలకల రాయి ఒకటి ఉండేది. ఛాతీ ఎత్తు. తూర్పు పలక మీద గీతలుండేవి. అవి అక్షరాలని ఊళ్లో ఎవరూ అనుకోలేదు. దేవత ఒంటి మీది గీతలనుకున్నారు, గీతలమ్మ అని పిలుచుకున్నారు. ఏటా ఆషాఢంలో బీరయ్య ఇంటివాళ్లు నాలుగు పలకలకూ సున్నం కొట్టి, ఎర్రమట్టి జాజు పూసి, బోనం పెట్టేవారు. పిల్లను బడిలో వేసే ముందు ఊరివాళ్లు అక్కడికి తెచ్చి, పిల్ల చూపుడువేలు పట్టి గీతల మీద తిప్పించేవారు. తాతల నాటి పూత కింద గీత తగిలీ తగలనట్టు ఉండేది.

రాయి ఉన్న నేల చెక్క పంపకాల్లో బీరయ్య తమ్ముడు అంజయ్యకు పోయింది. అంజయ్య దాన్ని అమ్ముకున్నాడు. కొన్న పట్నం ఆసామి మొహం ఎవరూ చూడలేదు. అతని ఫామ్‌హౌస్ పనులు చూసే సైదులు మాత్రం రోజూ హిమాయత్‌నగర్ నుంచి బండి మీద వచ్చేవాడు.

"కాకా, నీ గీతలమ్మ సరిగ్గ గేటు పెట్టేకాడ నిలవడ్డది. కారు ఎట్ల పోతది?"

"కారును జర పక్కకెళ్లి పొమ్మను."

"దేవతను జరుపుడు అల్కనే, కాకా. కారుకే రోడ్డు గావాలె."

రాయిని పీకడానికి జేసీబీ మాట్లాడుతున్నారని తెలిసిన వారంలోనే విజయరాణి వచ్చింది. కేంద్రం వాళ్ల పురాతన కట్టడాల శాఖలో చిన్న అధికారి. చేవెళ్ల రోడ్డు పొడుగునా ఊరూరా పాత రాళ్లు వెతుకుతోంది. గీతలమ్మ దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. పూత పెచ్చు ఊడిన మూల మీద టార్చిలైటు ఏటవాలుగా పట్టింది. చాలాసేపు లేవలేదు.

"ఇవి అక్షరాలు పెద్దయ్యా. ఏడెనిమిది వందల ఏళ్ల కిందటివి కావచ్చు."

"ఏం రాసున్నది మేడం?"

"పూత తీస్తేగానీ తెలియదు. మా రసాయనాల విభాగం వాళ్లు వచ్చి పొరలు పొరలుగా తీస్తారు. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకండి. సున్నం, జాజు, నూనె, ఏమీ వద్దు."

"బోనాల నాడు గూడ బోడిగనే ఉంచాల్నా?" అంది బీరయ్య భార్య సంగమ్మ.

"ఒక్క ఏడాది ఓపిక పట్టండమ్మా. అక్షరాలు చదవగలిగితే ఢిల్లీకి రాస్తాం. రక్షిత కట్టడమని ప్రకటిస్తే ఇక దీన్ని ఎవరూ కదిలించలేరు. చుట్టూ వంద మీటర్ల దాకా గోడ కూడా లేవదు."

బీరయ్య ఆ చివరి మాటలు మళ్లీ చెప్పించుకున్నాడు. తన ఫోన్ నంబరు రాయించి, ఆమెది తీసుకున్నాడు. సైదులు కూడా విన్నాడు. దీపావళి దాకా ఆగుతామన్నాడు.

రసాయనాల వాళ్లు ఎక్కడో కోట దగ్గర పనిలో ఉన్నారన్నారు. వానలు తగ్గాక అన్నారు. ఆషాఢం వచ్చింది. సంగమ్మ బోనం దూరంగా దించి, దండం పెట్టి, వట్టి చేతులతో తిరిగొచ్చింది. వానలు తగ్గాయి. విజయరాణి ఫోన్ ఎత్తితే "పైకి రాశాం పెద్దయ్యా" అనేది. ఎత్తని రోజులే ఎక్కువ. ఆమె కింద ఉన్నవి మూడు జిల్లాల రాళ్లు, ఒకటే జీపు.

దీపావళి దగ్గరపడ్డాక బీరయ్యకు ఒక ఫోన్ వచ్చింది. అవతల హిందీ. బీరయ్యది గొర్ల బేరంలో నేర్చుకున్న హిందీ. ఢిల్లీ నుంచి మేడం వాళ్ల పెద్దసారు ఎల్లుండి వస్తున్నాడన్నది అర్థమైంది. తర్వాత అవతలి మనిషి "అక్షర్ సాఫ్ దిఖ్నా" అని ఏదో గట్టిగా అడిగాడు.

"హౌ సాబ్! సాఫ్ కర్తే!" అన్నాడు బీరయ్య.

అవతలి మనిషి సరే అని పెట్టేశాడు.

"రాయిని సాఫ్ జెయ్యాల్నట," అన్నాడు సంగమ్మతో.

"మేడం ముట్టకుమన్నది గద?"

"గీయన మేడం మీద సారు. ఎవల మాట ఇనాలె?"

"ఓసారి మేడంను అడగరాదు?"

"జేసిన. లేపుతలేదు." ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "మనింటికి సుట్టాలొస్తే అలుకు జల్లవా? ఢిల్లీ సారు వస్తుంటే దేవతను మురికిగ సూపెడుదమా?"

సంగమ్మకు ఆ మాట నచ్చింది. ఆమెకు ఆషాఢం నుంచీ చేతులు ఊరుకోవడం లేదు.

మొయినాబాద్‌ నుంచి బాత్రూములు కడిగే యాసిడ్ తెచ్చాడు, ఇనుప బ్రష్ తెచ్చాడు. దుకాణపాయన ఏం కడుగుతావని అడిగితే దేవతను అన్నాడు. దుకాణపాయన నవ్వి, మరక మంచిగ పోతదన్నాడు.

మర్నాడు పొద్దున్నే పోశారు. సున్నం బుసబుసమని పొంగింది. జాజు ఎర్రగా కారి మడిలోకి పోయింది. ఎన్నో ఏళ్ల పూత పెళ్లలు పెళ్లలుగా ఊడింది. దాని కింద రాయి బయటపడింది. పై నుంచి కింది దాకా, నాట్లేసిన మడిలా, వరసలు వరసలుగా అక్షరాలు.

"ఓయమ్మ," అంది సంగమ్మ. "గిన్ని గీతలా! తల్లీ, ఇన్నొద్దులు దాసుకున్నవా?"

బీరయ్య చెప్పులు విడిచి నిలబడ్డాడు. అతని తండ్రి చూడలేదు, తాత చూడలేదు.

"గీతలల్ల ఇంక తెల్లగున్నది," అన్నాడు కాసేపటికి. "సాఫ్ గాలె."

మళ్లీ పోశారు. మళ్లీ నురగ వచ్చింది. నురగ వస్తున్నంతసేపు మురికి ఉన్నట్టేనని రుద్దారు. అది తాండూరు బండ జాతి సున్నపురాయి. యాసిడ్ పడితే రాయే పొంగి కరుగుతుంది. ఆ సంగతి వాళ్లకు తెలియదు. నాలుగు పలకలూ ఒకేలా తోమారు. సీసాలు అయిపోయాక నీళ్లు కొట్టి, తడి రాయి నల్లగా మెరుస్తుంటే తృప్తిగా ఇంటికి పోయారు.

తెల్లారి జీపు దిగిన విజయరాణి నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ఎండిన రాయి అరిగిన సబ్బు బిళ్లలా ఉంది. దగ్గరికి వచ్చి వేళ్లతో తడిమింది. టార్చి వేసింది, నీళ్లు చల్లి చూసింది, ఇంకో పక్కకు తిరిగి చూసింది.

"ఏం పోశారు?"

బీరయ్య ఖాళీ సీసా చూపించాడు. "పెద్దసారోళ్లు ఫోన్ల సాఫ్ దిఖ్నా అన్నరు, గందుకే సాఫ్ జేసినం మేడం."

ఆమె సీసా అందుకుని చూసింది. "సాఫ్ దిఖ్నా అంటే స్పష్టంగా కనపడాలని, పెద్దయ్యా. కనపడుతున్నాయా అని అడిగారంతే."

వెనక కారులో వచ్చిన పెద్దసారు కోప్పడలేదు. రాయి చుట్టూ ఒకసారి తిరిగి, హిందీలో రెండు ముక్కలు చెప్పి, వెళ్లి కారులో కూర్చున్నాడు. అక్షరాలు లేని రాయి గురించి ఢిల్లీకి రాయడానికి ఏమీ లేదు. విజయరాణి ఫోన్‌లో ఉన్న పాత ఫోటోల్లో జాజు తప్ప ఏమీ కనపడదు.

"కనవడ్డయి మేడం," అంది సంగమ్మ. "నిన్న పొద్దుగాల మొత్తం కనవడ్డయి. ఈ కండ్లతోని జూసిన."

"ఎలా ఉన్నాయమ్మా? గీసి చూపిస్తారా?"

సంగమ్మ వంగి మట్టిలో వేలు పెట్టింది. కొడవలి వంపులాంటి గీత ఒకటి గీసింది. దాని పక్కన చుక్క పెట్టబోయి ఆగింది.

"గంతే మేడం. కడమయి యాదికొస్తలేవు."

విజయరాణి ఆ గీతకు ఫోటో తీయబోయి ఫోన్ దించేసింది. కారు హారన్ కొట్టింది.

దీపావళి తెల్లారి జేసీబీ వచ్చింది. సైదులు ఈసారి వేళాకోళం ఆడలేదు. "కాకా, ఓనరుకు తెల్వకుంట నీ చేను గట్టు మీద నిలవెట్టిస్త. గదే మస్తు," అన్నాడు. రాయి మూడు మూరలు లోపల దిగి ఉంది. పెకిలించాక గడ్డలా దొర్లి, ట్రాలీలో పడింది. గట్టు దగ్గర మళ్లీ గొలుసు కట్టి పైకి లేపారు. అప్పటికే బీరయ్య అక్కడ గుంత తవ్వి ఉంచాడు.

గాలిలో మెల్లగా తిరుగుతున్న రాయిని చూసి డ్రైవరు కేక వేశాడు. "ముఖం ఏ దిక్కు వెట్టాలె?"

బీరయ్య దగ్గరికి పోయాడు. ఒక పలక మీద అరచేయి ఆనించాడు. దాని పక్క పలక మీద ఆనించాడు. చుట్టూ తిరిగి నాలుగూ తడిమాడు. సంగమ్మ వైపు చూశాడు. సంగమ్మ కూడా వచ్చి తడిమింది, చెంప ఆనించి చూసింది. నాలుగూ ఒక్క తీరుగానే ఉన్నాయి.

"జల్ది జెప్పు పెద్దాయన, గొలుసు ఆగదు."

"చెప్పు కాకా," అన్నాడు సైదులు నెమ్మదిగా. "తూర్పు పలకేది, ఇదేనా?"

బీరయ్య మళ్లీ ఒక పలక తడిమాడు. ఇంకొంచెంసేపు చూసి సైదులు డ్రైవరుకు చెయ్యి ఊపాడు. రాయి ఎటు తిరిగి ఉందో అటే గుంతలోకి దిగింది.