సూదమ్మ చూపు

ఆ ప్రయోగశాలలో ఆమెను అందరూ సూదమ్మ అనేవారు. ఎవరికీ కనబడని నలుసు ఆమెకు కనబడుతుందని ఒక కారణం. నోరు రెండో కారణం.

ఆమె పని చిప్‌లు చేయడం. తపాలాబిళ్ళంత సిలికోన్ ముక్క, గాజులా తేటగా ఉంటుంది. దాని లోపల వెంట్రుకంత సన్నటి కాలువలు మూడు వచ్చి ఒకచోట కలుస్తాయి. నడిమి కాలువలోంచి మందు కలిపిన ప్రోటీన్ నీళ్ళు వస్తాయి, రెండు పక్కల నుంచీ ఆల్కహాల్ వస్తుంది. అవి కలిసిన చోట ప్రోటీన్ ఇక కరిగి ఉండలేక, మందును కడుపులో పెట్టుకుని కంటికి ఆనని గుళికలుగా ముడుచుకుంటుంది. ఆ గుళికలు రక్తంలో పడి క్యాన్సర్ కణితి దాకా పోవాలి. కాలువలో ఒక్క నలుసు అడ్డుపడిందా, ధార వంకరపోయి గుళికలు లావెక్కుతాయి. లావువి ఊపిరితిత్తుల్లోని సన్న నాళాల్లో ఇరుక్కుంటాయి. అందుకే ప్రతి చిప్‌నూ మైక్రోస్కోప్ కింద సూదమ్మ చూసి "పెట్టు" అన్నాకే పంపుకు తగిలించేవారు.

చదువైపోయిన అన్న కూతురిని తెచ్చి తన ఇంట్లో ఉంచుకుని, తన పక్కనే పనిలో పెట్టించింది సూదమ్మే. పెట్టించిన సంగతి ఆ పిల్లను ఒక్కరోజు కూడా మరిచిపోనివ్వలేదు. ఇంట్లో ముద్దుపేరు పొట్టి. సూదమ్మ నోటి పుణ్యాన ల్యాబ్‌లోనూ అదే పేరు స్థిరపడింది.

మొదటి ఏడాది పొట్టి చేసిన గుళికలను సూదమ్మ నలుగురి ముందూ వెలుతురుకు ఎత్తి చూసేది.

"ఇవి గుళికలా, పాలు విరిగాయా?" అని సింకులో పారబోసేది. "మీ అమ్మ చేతులే వచ్చాయి నీకు. సూదికి దారం ఎక్కించమంటే వేలికి ఎక్కించుకునేది."

అందరూ నవ్వేవారు. పొట్టి కూడా నవ్వి, సీసా కడిగి, మళ్ళీ మొదలుపెట్టేది. అలా పని వచ్చింది. నాలుగేళ్ళు తిరిగేసరికి, ధార ఎక్కడ వణుకుతోందో పంపు చప్పుడును బట్టే చెప్పగలిగేది.

అప్పుడే సూదమ్మ చూపు పోవడం మొదలైంది. నడిమధ్యన బూడిదరంగు మచ్చ. చుట్టూ అంతా కనబడుతుంది, చూడాలనుకున్నది తప్ప. కళ్ళ డాక్టరు పోయిన చూపు తిరిగి రాదన్నాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు మైక్రోస్కోప్ దగ్గర, "నా కళ్ళద్దాలు మసకేశాయి, నువ్వు చూసి చెప్పవే" అంది. మర్నాడూ అదే మాట. మూడోనాటికి పొట్టికి అర్థమైంది, అడగలేదు.

నోటితో అనుకోకుండానే ఇద్దరి మధ్యా ఒక పద్ధతి కుదిరింది. పొట్టి ముందుగా చిప్‌ను చూసేది. బాగుంటే "పెట్టమంటారా?" అనేది. చెడితే "ఇంకోసారి చూస్తారా?" అనేది. సూదమ్మ కన్ను ఆనించి, మర అటూ ఇటూ తిప్పి, "పెట్టు" అనో "పారెయ్" అనో తీర్పు చెప్పేది. చిట్టాలో సంతకం ఆమెదే. రెండేళ్ళు ఒక్క చిప్ తప్పిపోలేదు. సూదమ్మ చూపుకు తిరుగులేదని పెద్దసారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

పక్క గదిలో కొత్త యంత్రం పెడుతున్నారనీ, దానికో మనిషి కావాలనీ తెలిసిన రోజు, పొట్టి ఇంట్లో బట్టలు మడతపెడుతూ అడిగింది.

"అత్తా, పెద్దసారుకు నా గురించి ఒక మాట చెప్పవా?"

"చెప్తాలే."

చెప్పింది కూడా. మర్నాడు సీసాల ట్రే పట్టుకుని వెళ్తున్న పొట్టికి, వారగా వేసిన తలుపు వెనక నుంచి అత్త గొంతు వినబడింది.

"మంచి పిల్లే సారూ. గొడ్డులా కష్టపడుతుంది. కానీ చూపు లేదు. అది పుట్టుకతో రావాలి. దాన్ని నా కిందే ఉండనివ్వండి."

పొట్టి ట్రే దించలేదు, ఏడవలేదు. తను పక్క గదికి వెళ్ళిపోతే అత్త గుడ్డిదని బయటపడుతుంది, అందుకే ఆ మాట అన్నదని పొట్టికి అక్కడే తెలిసిపోయింది. తెలిసినందువల్ల కోపం తగ్గలేదు. భయమేస్తోందని ఇంట్లో తనతో ఒక్క మాట అని ఉంటే చాలు, ఏ గదికీ పోకుండా ఉండిపోయేది.

ఆ వారమే బయటి నుంచి ముగ్గురు నిపుణులు పని చూడడానికి వచ్చారు. ఎలుకల తర్వాత మనుషుల మీద ప్రయోగానికి అనుమతి రావాలంటే వాళ్ళు తలూపాలి. పెద్దసారు వాళ్ళను నేరుగా సూదమ్మ బల్ల దగ్గరకు తీసుకొచ్చాడు.

పొట్టి మైక్రోస్కోప్ కింద చిప్ పెట్టింది. వంగి చూసింది. పక్కకు జరిగింది.

"పెట్టమంటారా?"

సూదమ్మ కన్ను ఆనించింది. మర అటు తిప్పింది, ఇటు తిప్పింది. తొందర పడలేదు.

"శుభ్రంగా ఉంది. మూడు కాలువలూ అద్దంలా ఉన్నాయి. పెట్టు."

"మేమూ చూడొచ్చా?" అంది వచ్చినవాళ్ళలో ఒకావిడ. చూసింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. "ఇందులో కాలువలేవండీ?"

అది ఉత్త సిలికోన్ ముక్క. ఒక్క గీత కూడా లేదు.

పెద్దసారు చూశాడు. మిగతా ఇద్దరూ చూశారు. సూదమ్మ మాత్రం పొట్టి నిలబడి ఉంటుందనుకున్న వైపు ముఖం తిప్పింది. పొట్టి అక్కడ లేదు, రెండడుగులు అవతల ఉంది.

నిపుణులు మర్యాదగా సెలవు తీసుకున్నారు. పెద్దసారు అత్తాకోడళ్ళను తన గదిలో నిలబెట్టాడు.

"చూపు పోయి ఎన్నాళ్ళైంది?"

"రెండేళ్ళు," అంది సూదమ్మ.

"మరి ఈ రెండేళ్ళూ చిప్‌లు చూసిందెవరు?"

పొట్టి నోరు తెరిచేలోపే సూదమ్మ అందుకుంది. "ఎవరూ చూడలేదు. అలవాటు మీద లాగించాను. దీనికేం తెలుస్తుంది సారూ? చూపు లేదని మీకు ముందే చెప్పానుగా."

అదే ఎత్తిపొడుపు గొంతు, పాలు విరిగాయా అన్న గొంతు. ఆ మాటతో తనను కాపాడిందో కాల్చిందో పొట్టికి తెలియలేదు.

"అబద్ధం సారూ! ప్రతి ఒక్కటీ నేనే..." అని ఆగిపోయింది.

పెద్దసారు కళ్ళజోడు తీశాడు. "చూశావా, చూడలేదా? ఒక్క ముక్క చెప్పు. చూశానంటే రెండేళ్ళు ఆవిడతో కలిసి దొంగ సంతకాలు నడిపించావన్నమాట, ఇద్దరూ బయటికి నడవండి. చూడలేదంటే ఆవిడ వెళ్తుంది, నువ్వు ఉంటావు. కానీ ఆ సరుకంతా పారబోయాలి."

సూదమ్మ పెదవులు సన్నగా సాగాయి.

"చూడలేదు," అంది పొట్టి.

మధ్యాహ్నమంతా ఆమె సింకు దగ్గర నిలబడింది. ఫ్రిజ్ లోంచి సీసా తీయడం, మూత విప్పడం, వంచడం. మూడు వందల పన్నెండు సీసాలు. ఒక్కొక్కటీ తను కన్ను ఆనించి చూసి, తన చేత్తో పంపుకు పెట్టిన చిప్‌లోంచి వచ్చినదే. లోపలి నీళ్ళు పల్చటి పాలలా, ఎక్కడా విరగకుండా, చక్కగా జారిపోయాయి. నవ్వడానికి చుట్టూ ఎవరూ నిలబడలేదు. అందరూ తమ బల్లల మీదికి వంగిపోయారు.

ఇంటికి వచ్చేసరికి సూదమ్మ భోజనం బల్ల ముందు కూర్చుని ఉంది. ఇల్లు ఆమెది. పొట్టికి వెళ్ళడానికి వేరే చోటు లేదు, సూదమ్మకు వండి పెట్టే మనిషి వేరే లేదు. పొట్టి వండింది, వడ్డించింది, ఎదురుగా కూర్చుంది.

"ఎన్ని పారబోశావే?"

"మూడు వందల పన్నెండు."

"వాటిలో చెడ్డవెన్ని?"

"ఒక్కటీ లేదు."

సూదమ్మ తలూపింది. ముద్ద నోట్లో పెట్టుకుంది. "నాకు తెలుసు," అంది. "నీ అంత చూపు నాకు ఆ వయసులో లేదు."

ఆరేళ్ళలో ఆ నోటి నుంచి వచ్చిన మొదటి మంచి మాట అది. వినడానికి ఇంకెవరూ లేరు.

సూదమ్మకు పొలమారింది. నీళ్ళ కోసం చెయ్యి చాచింది. గ్లాసు జానెడు అవతల ఉంది. చెయ్యి బల్ల మీద కుడికి పాకింది, ఎడమకు పాకింది, ఉప్పు గిన్నెను తాకి వెనక్కు వచ్చింది. దగ్గు ఎక్కువైంది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఇవ్వమని ఆమె అడగలేదు.

పొట్టి ఆ చేతిని చూస్తూ తన అన్నం కలుపుకుంది.